అరచేతి గాయానికి అడుగున్నర అతుకు

(కాలిఫోర్నియాలో ఒక ఆదివారం మధ్యాహ్నం తెలుగువారి సమావేశంలో, ఇంట్లో కట్టిన విమానం సొంతదారు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఆ బల్ల మీద నేను తెచ్చిన ముక్కలు ఏడు ఉన్నాయి. ఆరింటిని చేత్తో పట్టుకుని చూడవచ్చు, పిల్లలకూ ఇవ్వవచ్చు. ఏడోది, నీలం మూత డబ్బాలో ఉన్నది, నిన్న రాత్రి వేసింది. ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. ఎందుకో తరవాత చెబుతాను.

నిర్వాహకులు ఫోను చేసి, విమానం కట్టడం గురించి మాట్లాడమన్నారు. నేను విమానం కట్టలేదండీ. కట్టినాయన దగ్గర కొనుక్కున్నాను. కట్టడం ఆయన వంతు, విరగ్గొట్టడం నా వంతు అయింది. అందుకని విరిగినదాన్ని బాగుచేయడం గురించి మాట్లాడతాను. కాస్తో కూస్తో నాకు తెలిసింది అదే.

నా విమానం పేరు లాంగ్ ఈజీ. ఫొటో చూసినవాళ్ళు మొదట అడిగేది, ఇది వెనక్కి ఎగురుతుందా అని. రెక్కలు వెనక, చిన్న రెక్క ముందు, ఇంజను వెనక, ప్రొపెల్లర్ ఇంకా వెనక. బర్ట్ రుటాన్ అనే ఇంజనీరు ఇక్కడి మొహావీ ఎడారిలో కూర్చుని దీనికి రూపమిచ్చాడు. 1975లో వేరీ ఈజీ అనే చిన్నది ఎగిరింది, 1979లో దాని అన్నగారు లాంగ్ ఈజీ. అప్పటివరకు ఇంట్లో విమానం కట్టుకోవాలనుకునేవాడికి ఉన్న దారులు కర్ర, ఉక్కు గొట్టాల మీద గుడ్డ, లేకపోతే వేలకొద్దీ రివెట్లు కొట్టిన అల్యూమినియం. ఫైబర్ గ్లాస్ వాడాలంటే ముందు అచ్చు చేయాలి. ఒక్క విమానం కోసం అచ్చు చేయడమంటే ఒక్క ఇడ్లీ కోసం పాత్ర పోత పోయించినట్టే. రుటాన్ అచ్చునే ఎత్తేశాడు. ఫోమ్ దిమ్మను వేడి తీగతో రెక్క ఆకారంలో కోసి, దాని మీదే గాజు గుడ్డ పరిచి, ఎపాక్సీ అనే జిగురుతో తడిపేయడం. ఆరితే రెక్క. విమానాలు అమ్మలేదు, కట్టుకునే విధానం రాసిన నక్షలు అమ్మాడు. 1985లో అదీ ఆపేశాడు. ఆ మరుసటి ఏడాదే ఆయన రూపొందించిన వాయేజర్ ఎక్కడా ఆగకుండా, మధ్యలో ఇంధనం నింపకుండా తొమ్మిది రోజుల్లో ప్రపంచాన్ని చుట్టివచ్చింది. నడిపింది ఆయన అన్న డిక్ రుటాన్, జీనా యేగర్.

అమెరికా చట్టం ప్రకారం విమానం పనిలో సగానికి మించి ఔత్సాహికులే సొంతంగా చేస్తే అది వేరే తరగతి కింద నమోదవుతుంది. అలాంటి విమానానికి మరమ్మతు ఎవరైనా చేసుకోవచ్చు. ఏడాదికోసారి జరిగే తనిఖీ మీద సంతకం పెట్టాలంటే మాత్రం లైసెన్సు ఉన్న మెకానిక్ అయినా కావాలి, ఆ తనిఖీకి తగిన ధ్రువపత్రం పొందినవాళ్ళు, ఉదాహరణకు కట్టినాయన, అయినా కావాలి. నేను రెండూ కాను. అంటే నా చేతికి స్వేచ్ఛ ఉంది, నా సంతకానికి విలువ లేదు. ఆలోచిస్తే ఇది సబబుగానే ఉంది.

ఇక విరగ్గొట్టిన కథ. ఈ విమానానికి వెనక రెండు చక్రాలూ ఎప్పుడూ కిందికే ఉంటాయి. ముక్కు చక్రం ఒక్కటే లోపలికి ముడుచుకుంటుంది. దాన్ని చేత్తో పిడి తిప్పి దించాలి. ఒక ఏప్రిల్ సాయంత్రం నేను దించడం మరిచిపోయాను. హెచ్చరించడానికి ఒక హారన్ ఉంది. దాని తీగ ఊడిపోయి రెండు వారాలైంది, రేపు చూద్దాం అనుకుంటూ ఉన్నాను. వెనక చక్రాలు చక్కగా ఆనాయి. వేగం తగ్గాక ముక్కు నెమ్మదిగా వాలింది, ఇంకా వాలింది, అప్పుడు పెనం మీద అట్లకాడతో గీకినట్టు చప్పుడు. ఒక తమాషా ఏమిటంటే, ఈ విమానాన్ని నిలిపి ఉంచేటప్పుడు ఎలాగూ ముక్కు చక్రం ముడిచి ముక్కును నేలకు ఆనించే పెడతారు. కాబట్టి దూరం నుంచి చూసినవాళ్ళకు నా పరువు పోయిన సంగతి తెలియదు. ఎవరో చెయ్యి కూడా ఊపారు.

ముక్కు కింద మూడంగుళాల వెడల్పు, ఏడంగుళాల పొడవున గాజు పొరలు అరిగిపోయి లోపలి ఫోమ్ కనిపిస్తోంది. అరచేయంత గాయం. నాకు పెద్ద విశేషంగా అనిపించలేదు. దానికో కారణం ఉంది. నేను కాకినాడ వైపు పుట్టినవాణ్ణి. మా చిన్నప్పుడే కర్ర తెప్పల స్థానంలో ఫైబర్ పడవలు రావడం మొదలైంది. పడవకు చిల్లు పడితే ఒడ్డున బోర్లించి, చుట్టూ కాస్త గీకి, గాజు పీచు చాపముక్క పెట్టి, రెసిన్ పూసి, ఎండలో వదిలేసేవారు. సాయంత్రానికి పడవ నీళ్ళలో ఉండేది. అది చూసి పెరిగిన కళ్ళు కదా. నేనూ అదే చేశాను. రంగు మీద కొంచెం ఉప్పుకాగితం రుద్ది, గుంటను మందంగా పూడ్చి, దాని మీద గాజు గుడ్డ అయిదు పొరలు వేశాను. నాలుగు చాలునేమో, అయినా గట్టిగా ఉండాలని అయిదు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది.

మా పక్క హ్యాంగర్లో, అంటే విమానాలు నిలిపే షెడ్డులో, ఒక పెద్దాయన ఉండేవారు. ఇలాంటివి రెండు విమానాలు కట్టినాయన. పిలిచి చూపించాను. ఆయన ఏమీ అనలేదు. జేబులోంచి పుట్టీ పూసే బద్ద తీసి, అతుకు అంచు కింద దూర్చి, మణికట్టు కొంచెం తిప్పారు. నా అయిదు పొరలూ కలిసి అప్పడంలా లేచి వచ్చాయి. ఆ ముక్కే ఇది, బల్ల మీద మొదటిది. దీన్ని తిరగేసి చూడండి. అడుగున తెల్లగా, నున్నగా ఉందే, అది రంగు. ఎపాక్సీ తన పని తాను చేసింది, రంగును గట్టిగా పట్టుకుంది. రంగే విమానాన్ని పట్టుకోలేదు. పైన పటారం, లోన లొటారం అంటారే, దాన్ని నేను స్వహస్తాలతో తయారు చేశాను.

అప్పుడు ఆయన ఒకే ప్రశ్న అడిగారు. బలం ఎటునుంచి ఎటు వెళుతుంది? పగిలిన చోట గాజు పోగులు తెగిపోయాయి. తెగిన పోగు మోసే బరువు ఇప్పుడు కొత్త పోగులోకి ఎక్కాలి, అతుకును దాటాలి, అవతల మళ్ళీ పాత పోగులోకి దిగాలి. ఎక్కడానికీ దిగడానికీ మెట్లు ఉండవు. ఉన్నదల్లా రెండు పొరల మధ్య పల్చటి జిగురు. జిగురు బలం చదరపు అంగుళానికి ఇంత అని ఉంటుంది. కాబట్టి అతుక్కున్న విస్తీర్ణం ఎంత ఉంటే బరువు అంత హాయిగా దాటుతుంది. మందం పెంచితే ఏం లాభం? రెండు గట్ల మీద సరిగా ఆనని వంతెనను మధ్యలో లావు చేసినట్టే. పైగా లావైన అతుకు చుట్టుపక్కల గాజు చర్మంలా వంగదు. వంగనిదీ వంగేదీ కలిసిన అంచు దగ్గరే పగులు మొదలవుతుంది. నా అయిదో పొర మేలు చేయకపోగా కీడు చేసింది.

ఈ విమానాలు కట్టే మా వాళ్ళు సాధారణంగా పాటించే లెక్క, దెబ్బతిన్న ఒక్కో పొరకు చుట్టూరా కనీసం ఒక్కో అంగుళం. నా విమానానికి ఆ చోట నాలుగు పొరలున్నాయి. నలిగిన ఫోమంతా తవ్వేసరికి గుంట నాలుగుకు తొమ్మిది అంగుళాలైంది. చుట్టూ నాలుగేసి అంగుళాలు కలపండి. పన్నెండుకు పదిహేడు. అరచేతి గాయానికి అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు అతుకు. బాగున్న చోటు ఇంతింత రుద్ది పాడుచేయాలా అని నాకు ప్రాణం ఒప్పలేదు. ఇప్పటికీ ఆ మొదటి రుద్దుడు రుద్దేటప్పుడు చెయ్యి వెనకాడుతుంది.

రుద్దే ముందు తట్టాలి. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు ఏం చేసేవారు? వేలి కణుపుతో తట్టి చెవి పెట్టేవారు. ఇక్కడ నాణెంతో తడతాం. వినండి. ఇది బాగున్న ముక్క. (నాణెంతో తట్టిన చప్పుడు) ఇది ఫోమ్ నుంచి గాజు ఊడిపోయిన ముక్క. (మళ్ళీ చప్పుడు) మొదటిది టిక్కుమంది, రెండోది తప్పుమంది. వెనక కుర్చీల దాకా వినపడింది కదా. ఇలా తడుతూ వెళ్ళి, శబ్దం మారిన చోటల్లా పెన్సిలుతో చుక్క పెట్టుకుంటాం. చుక్కలన్నీ కలిపితే అసలు గాయం పటం వస్తుంది. కంటికి కనిపించినదానికన్నా అది ఎప్పుడూ పెద్దదే.

గాజు చర్మం ఫోమ్ నుంచి ఊడిపోతే అంత భయమెందుకు అని అడగవచ్చు. నిచ్చెన తలచుకోండి. బరువు మోసేవి రెండు నిలువు గడలు. అడ్డంగా ఉన్న మెట్లు ఆ రెండింటినీ సరైన ఎడంలో పట్టి ఉంచుతాయి. మెట్లు పీకేస్తే గడలు వంగిపోతాయి. ఇక్కడ గాజు పొరలే ఆ గడలు, ఫోమ్ చేసేది మెట్ల పని. గోరు గుచ్చితే దిగిపోయే మెత్తటి వస్తువు, కానీ అది వదిలేస్తే గట్టి గాజు కూడా అట్టముక్కలా ముడత పడుతుంది.

ఇప్పుడు రుద్దుడు. రంగు తీయడానికి కార్ల షాపులో దొరికే రసాయనం పూయవద్దు. దానికి రంగుకూ ఎపాక్సీకీ తేడా తెలియదు, రెండింటినీ తింటుంది. ఉప్పుకాగితమే దిక్కు. చదునైన కర్రముక్కకు చుట్టి, నిదానంగా. ముందు తెల్ల దుమ్ము, అది రంగు. తరవాత బూడిద రంగు దుమ్ము, అది ప్రైమర్. ఆ కింద ఉపరితలం నున్నగా రావడానికి పూసిన పూత. అది కూడా పోయాక గాజు నేత బయటపడుతుంది. నాకు ఇష్టమైన ఘట్టం ఇదే. అంచు నుంచి గుంట వైపు వాలుగా రుద్దుతూ వెళితే ఒక్కో పొరా వరసగా తేలుతుంది, కోసిన మానులో వలయాల్లా. ఒక పొర మందం మిల్లీమీటరులో మూడో వంతు. ఆ కాస్త మందాన్ని అంగుళం వెడల్పున వాలుగా దించాలి. నాలుగు వలయాలూ సమానమైన వెడల్పుతో కనిపిస్తే వాలు కుదిరినట్టు. ఒక వలయం సన్నబడితే అక్కడ చెయ్యి బరువు పడిందన్నమాట. ఆ మూడో ముక్క మీద చూడండి, ఎడమవైపు నాది సన్నబడింది. నా కుడిచేతి బొటనవేలు చేసిన పని.

నాకు ఆ వాలు తీయడానికి రెండు శనివారాలు పట్టింది. గాజు గుడ్డ పరచడానికి నలభై నిమిషాలు. ఎవరైనా ఈ పని ఎలా ఉంటుందని అడిగితే ఈ నిష్పత్తి చెబుతాను.

గుంటలో కొత్త ఫోమ్ ముక్క అమర్చాలి. రెక్కల్లోది నీలం రంగు పాలీస్టైరీన్, వేడి తీగతో వెన్నలా తెగుతుంది. ముక్కు దగ్గర వాడింది యురేథేన్. దాన్ని కత్తితో చెక్కాలి, ఉప్పుకాగితంతో రుద్దాలి. వేడి తీగ పెట్టారంటే వచ్చే పొగ విషం. ఏ ఫోమో తెలియకుండా చెయ్యి పెట్టకూడదు. నీలం ఫోమ్‌కు ఇంకో గండం ఉంది. పెట్రోలు తగిలితే కరిగిపోతుంది. మా కాకినాడ పడవల మీద వాడే పాలియెస్టర్ రెసిన్ తగిలినా కరిగిపోతుంది, అందులో స్టైరీన్ ఉంటుంది కనుక. అందుకే ఈ విమానాలకు ఎపాక్సీ. పడవవాళ్ళది తక్కువ పని అని నేను అనడం లేదు. వాళ్ళ పడవకు అది సరిపోతుంది, తెల్లారితే వేటకు వెళ్ళాలి కూడా. నా తప్పల్లా ఒక వీధి మందు ఇంకో వీధి రోగానికి వేయడం.

ఫోమ్ అతికించడానికి మైక్రో వాడతాం. అంటే కంటికి ఆనని బోలు గాజు పూసల పొడిని ఎపాక్సీలో కలపడం. ఎంత పొడి కలపాలన్నది పనిని బట్టి ఉంటుంది. మా ఆవిడ వంటింటి భాషలో నాకు సులువు చేసింది. ఫోమ్ పైపూతకు పొడీ ఎపాక్సీ సమపాళ్ళలో, జారుగా, దోసెల పిండి. ముక్కలు అతికించడానికి ఇడ్లీ పిండి. గుంటలు పూడ్చడానికి గారెల పిండి, గరిటె తిరగేసినా జారకూడదు. తమాషాకు చెప్పడం లేదు, మా హ్యాంగర్ గోడ మీద ఇప్పటికీ అలాగే రాసి ఉంది. పొరుగు అమెరికా మిత్రుడు కూడా దోసె అని పలకడం నేర్చుకున్నాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలామంది తప్పుతారు. దోసెల పిండి ఫోమ్‌కు మాత్రమే. చుట్టూ రుద్దిన గాజు వాలు మీదికి అది పాకకూడదు. గాజుకూ గాజుకూ మధ్య ఉండవలసింది ఎపాక్సీ ఒక్కటే. మధ్యలో బోలు పూసలు చేరితే అతుకు పిండి మీద నిలబడినట్టే. రుద్దిన తరవాత ఆ చోటును వేలితో తడమడం కూడా కూడదు. చర్మం మీది జిడ్డు చాలు పని పాడుచేయడానికి.

ఎపాక్సీ కలపడం. రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్, రెండింటినీ తూకం వేసి కలపాలి, కంటి అంచనా పనికిరాదు. హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందని కొందరి నమ్మకం. గట్టిపడదు సరికదా, శాశ్వతంగా మెత్తగా మిగులుతుంది. మైనం పూసిన కాగితం కప్పులు వద్దు, మైనం ఎపాక్సీలో కలుస్తుంది. నిండు కప్పు కలిపి పక్కన పెట్టి ఫోను మాట్లాడి వచ్చేసరికి అది పొగలు కక్కుతూ ఉంటుంది. గట్టిపడేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది, కప్పులో కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేదు. కొంచెం కొంచెం కలుపుకోవాలి. హ్యాంగర్ చలిగా ఉంటే ఎపాక్సీ పాకంలా చిక్కబడి గుడ్డలోకి దిగదు. పాతిక డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా నడుస్తుంది. చలికి తట్టుకోలేక నేను జుట్టు ఆరబెట్టే యంత్రం పట్టాను ఒకసారి. ఫోమ్‌లోని గాలి వేడికి వ్యాకోచించి, తడి గుడ్డ కింద మొటిమల్లా బుడగలు లేచాయి. ముందు గది వెచ్చబెట్టుకుని, వేడి తగ్గుతున్నప్పుడు పని చేసుకోవాలి. అప్పుడు ఫోమ్ గాలిని వదలదు, ఎపాక్సీని లోపలికి లాక్కుంటుంది.

గుడ్డ గురించి రెండు మాటలు. ఒక రకంలో పోగులు దాదాపు అన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి, రెక్క వంపును తట్టుకోవడానికి. ఇంకో రకం నిలువు పడుగు, అడ్డ పేక సమానంగా నేసినది. దీన్ని సాధారణంగా ఐమూలగా కోసి పరుస్తాం. ఐమూల గుడ్డ ఎటైనా సాగుతుంది, గుండ్రటి ముక్కు మీద ముడత లేకుండా కూర్చుంటుంది. జాకెట్లు కుట్టేవాళ్ళకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. పాత పొరలో పోగులు ఏ దిక్కుకు ఉన్నాయో కొత్త పొరలోనూ అదే దిక్కు. ఇక ముందు పెద్ద ముక్క పరచాలా, చిన్న ముక్క పరచాలా అన్నదానిలో రెండు పక్షాలున్నాయి. చిన్నది ముందు అయితే పాత పొరకు ఎదురుగా సరిగ్గా కొత్త పొర పడుతుంది అంటారు ఒకరు. పెద్దది ముందు అయితే ఒక్క ముక్కే నాలుగు వలయాలనూ పట్టుకుంటుంది, పైన ఎంత రుద్దినా ఆ పట్టు చెడదు అంటారు ఇంకొకరు. నేను పెద్ద ముక్క పక్షం. దీని మీద హ్యాంగర్లో గొంతులు లేచిన రోజులున్నాయి.

పొడి గాజు గుడ్డ తెల్లగా ఉంటుంది. ఎపాక్సీ తాగగానే కంటికి మాయమై కింది పొర కనిపిస్తుంది. ఎక్కడ తెల్లగా మిగిలిందో అక్కడ గాలి ఉంది. రబ్బరు బద్దతో లాగి అదనపు ఎపాక్సీని తీసేయాలి. బద్ద ముందు చిన్న అల లేస్తూ ఉంటే ఇంకా ఎక్కువుందన్నమాట. నేత గరుకు పైకి కనిపించాలి. అద్దంలా మెరిస్తే సంతోషించవద్దు, మోసుకు తిరగవలసిన బరువు అది. చివరగా పైన పాలియెస్టర్ పట్టీ ఒకటి పరిచి తడుపుతాం. గట్టిపడ్డాక దాన్ని చర్రున లాగేస్తే సమానమైన గరుకు మిగులుతుంది. ఆ లాగే చప్పుడు వినడానికే నేను ఆదివారం పొద్దున్నే హ్యాంగర్‌కు పరిగెత్తాను.

పెద్దాయన మళ్ళీ వచ్చారు, జేబులో అదే బద్ద. అంచు వెతికారు. బద్ద దూర్చడానికి అంచు దొరకలేదు. నాణెంతో తట్టారు, టిక్కుమంది. బద్ద జేబులో పెట్టుకుని కాఫీ ఉందా అని అడిగారు.

ఇలాంటి మరమ్మతు ముక్కుకు చేశాను. రెక్కలో బరువు మోసే దూలం దెబ్బతింటే నేను చెయ్యి పెట్టను. ముందుండే చిన్న రెక్క అయినా సరే, ఆకారం కాస్త మారినా ఎగరడం మారుతుంది. ఈ విమానాల పాత చిన్న రెక్కతో వాన చినుకులు పడితే ముక్కు కిందికి వాలేది. చినుకులకే అంత! తరవాత జాన్ రాంజ్ అనే ఆయన వేరే ఆకారం రూపొందించి ఆ బాధ తప్పించాడు. ఆ చిన్న రెక్క వెనక కదిలే పలకలకు అతుకు వేస్తే మళ్ళీ తూచి, సమతూకం చూసుకోవాల్సిందే. కీలుకు వెనక బరువు పెరిగితే గాలిలో రెపరెపలాడడం మొదలై క్షణాల్లో విరిగిపోవచ్చు. రంగు కూడా మన ఇష్టం కాదు. తెలుపే. ముదురు రంగు ఎండకు కాగి, కింద ఎపాక్సీ మెత్తబడుతుంది.

ప్రశ్నలుంటే అడగండి. (సభలోంచి: కార్ల డెంట్లకు వాడే బాండో ఇక్కడ పనికిరాదా?) మంచి ప్రశ్న. విచిత్రంగా, కట్టేటప్పుడు మా వాళ్ళు అది బాగానే వాడతారు. రెక్కలను చట్రంలో కదలకుండా నిలబెట్టడానికి తాత్కాలికంగా అంటిస్తారు. పని అయ్యాక ఉలితో ఒక్క దెబ్బ, ఊడివస్తుంది. అంత తేలిగ్గా ఊడుతుంది కాబట్టే వాడతారు. మరమ్మతుకు ఎందుకు వద్దో అందులోనే ఉంది.

(సభలోంచి: ఆ ఏడో ముక్కను ఎందుకు ముట్టుకోకూడదు?) అవును, చెబుతానన్నాను. పచ్చి ఎపాక్సీ చర్మానికి తగులుతూ ఉంటే కొందరికి ఒంటికి పడకుండా పోతుంది. మొదట దురద, తరవాత దద్దుర్లు. ఒకసారి పడకపోవడం మొదలైతే అది సాధారణంగా పోదు. పదేళ్ళు కష్టపడి కట్టుకున్న విమానాన్ని పూర్తిచేయలేక అమ్ముకున్నవాళ్ళున్నారు. చేతి తొడుగులు వేసుకోవాలి. అంటుకుంటే అసిటోన్‌తో కడగకూడదు, అది ఎపాక్సీని పల్చబరిచి చర్మంలోకి ఇంకా దింపుతుంది. సబ్బు నీళ్ళు చాలు. రుద్దేటప్పుడు మాస్కు సరేసరి. పిల్లలూ, ఆ నీలం మూత ఎవరో తీసినట్టున్నారు. పెట్టేయండి నాన్నా. అలాగే, గట్టిగా నొక్కి.

(సభలోంచి: హారన్ తీగ బాగుచేశారా?) చేశానండీ. ఆ సాయంత్రమే. పది నిమిషాల పని.